సీఆర్పీ తొంభై ఆరు

జూలై 7, సోమవారం

పాపకు జ్వరం. నూట రెండు. దగ్గు లేదు, జలుబు లేదు, ముక్కు కూడా కారడం లేదు. అత్తమ్మ నుదుటి మీద చెయ్యి వేసి తేల్చేసింది. "పండ్లు మొలుస్తున్నయ్ బిడ్డా. నరేందర్‌కు గూడ గిట్లనే అయింది." ఈ ఇంట్లో పాపకు తుమ్ము వచ్చినా, అది నరేందర్‌కు చిన్నప్పుడు ఒకసారి వచ్చే ఉంటుంది. జ్వరం చుక్కలు వేసి, సీసా అత్తమ్మకు అప్పగించి ఆఫీసుకు వెళ్ళాను. నాచారం రోడ్డు పొడుగునా బోనాల పందిళ్ళు వేస్తున్నారు. ఆలస్యమైంది.

జూలై 8

జ్వరం తగ్గలేదు. పండ్లూ రాలేదు.

జూలై 9, బుధవారం

నరేందర్‌కు చర్లపల్లిలో రెండో షిఫ్టు కాబట్టి పొద్దున్నే ముగ్గురం పాపను తీసుకుని డాక్టర్ హృషికేశ్ దగ్గరికి వెళ్ళాం. ఆయన చెవులు, గొంతు, ఛాతీ అన్నీ చూశాడు. ఏమీ దొరకలేదు. "తొమ్మిది నెలల ఆడపిల్లకు కారణం కనపడని జ్వరం వస్తే ముందు మూత్రం చూడాలమ్మా" అన్నాడు. రక్తం కూడా.

రక్తం తీయడానికి పాపను ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. అంత చిన్న చేతిలో నరం దొరకదు. రెండుసార్లు గుచ్చారు. అది ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, చివరికి నోరు తెరిస్తే శబ్దం కూడా రాలేదు. అప్పుడు డాక్టర్ మూత్రం సంగతి ఎత్తాడు. సన్నటి గొట్టం పెట్టి తీస్తే రిపోర్టు నమ్మకంగా ఉంటుందట. వద్దన్నాను. నరేందర్ కూడా "గింత పిల్లకు గొట్టమేంది సార్" అన్నాడు. మేమిద్దరం ఒక మాట మీద నిలబడటం చాలా రోజుల తర్వాత ఇదే.

"సరే, ఇంట్లోనే పట్టండి. పాపను మామూలు నీళ్ళతో కడిగి, మొదట వచ్చేది వదిలేసి, తర్వాతది ఇందులో పట్టండి. వెంటనే ల్యాబ్‌లో ఇవ్వండి" అని సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాడు.

ఇంటికి వచ్చేదాకా పాప నా జాకెట్ పట్టుకుని వదల్లేదు. ఇక ఎవరూ దాన్ని గుచ్చకూడదు.

జూలై 10, గురువారం

మా కంపెనీలో ఆడిట్. సెలవు అడగడానికి కూడా వీల్లేదు. డబ్బా అత్తమ్మకు ఇచ్చి ఎలా పట్టాలో రెండుసార్లు చెప్పి వచ్చేశాను. ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసింది. "నాకు నేర్పుతున్నవా? నలుగురిని పెంచిన నేను."

పది గంటలకు ఫోన్. పెరటి గుమ్మంలో కాళ్ళ మీద కూర్చోబెట్టుకుని 'శ్శ్... శ్శ్' అంటే పాప టక్కున పోసిందట. "ఒక్క సుక్క గూడ కింద పడనియ్యలే. నరేందర్ తీస్కపోయిండు." ఆ గొంతులో గర్వం చూడాలి. ఆడిటర్ ఎదురుగా కూర్చుని కూడా నాకు నవ్వొచ్చింది. గొట్టం వద్దనడం మంచిదైంది.

జూలై 11, శుక్రవారం

డాక్టరే ఫోన్ చేసి రక్తం రిపోర్టు చెప్పాడు. సీఆర్పీ తొంభై ఆరు. అయిదు దాటకూడదట.

"అంటే ఏమిటి సార్?"

"ఒంట్లో ఎక్కడో గట్టి ఇన్ఫెక్షన్ ఉంది."

"ఎక్కడ?"

"అది ఈ నంబరు చెప్పదమ్మా. ఇంట్లో అగ్గి అంటుకుందని చెప్తుంది. ఏ గదిలోనో చెప్పదు. నాకు మూత్రం మీదే అనుమానం ఉండె. కానీ అది శుభ్రంగా ఉంది. చీము కణాలు లేవు. మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ రిపోర్టు రేపు వస్తుంది. అప్పటిదాకా యాంటీబయాటిక్ వద్దు, మళ్ళీ పరీక్ష చేయాల్సి వస్తే కలగాపులగం అవుతుంది. పాప డల్‌గా అయితే మాత్రం ఆగకండి."

డల్‌గా అంటే ఎంత డల్‌గా అని అడగలేదు.

మా కంపెనీలో నా పని ఇదే. ఒక బ్యాచ్ మందు పాడైతే ఎందుకు పాడైందో వెతికి కారణం రాయాలి. అక్కడ 'తెలియదు' అని రాయడానికి వీల్లేదు. అలా రాస్తే ఆడిటర్ ఊరుకోడు. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ రాయలేదు. గట్టిగా వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. ఎవరో ఒకరు దొరుకుతారు.

జూలై 12, శనివారం

కల్చర్‌లో ఏమీ పెరగలేదు. మూత్రం బాగుందట. నరేందర్ "సూసినవా, ఏం లేదు" అన్నాడు. ఏదో ఒకటి లేదని తెలిస్తే అన్నీ లేనట్టే అతనికి.

మధ్యాహ్నానికి పాప పాలు కక్కేసింది. నీళ్ళు పట్టినా కక్కేసింది. పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంటోంది. ఉప్పల్‌లో డాక్టర్ హృషికేశ్ వెళ్ళే ఆసుపత్రిలో చేర్చాం. మళ్ళీ రక్తం తీశారు. చేతికి సెలైన్ పెట్టి, అందులోంచి యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. పాప ఈసారి ఏడవలేదు. మొన్న గుచ్చినప్పుడు ఏడ్చిన ఏడుపు కోసం నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను. రాలేదు. నాకు చాలా భయంగా ఉంది.

జూలై 13, ఆదివారం

వరసగా రాయాలి. లేకపోతే రేపు నాకు నేనే మార్చి చెప్పుకుంటాను.

పొద్దున డాక్టర్ వరండాలోకి పిలిచాడు. ప్రోకాల్సిటోనిన్ అని ఇంకో రక్తపరీక్ష చేశారు. అది పన్నెండు ఉంది. అర లోపు ఉండాలి. "మామూలు వైరల్ జ్వరానికి ఇది ఇంత పెరగదు. బ్యాక్టీరియానే. మూత్రంలో లేదు, ఊపిరితిత్తులు బాగున్నాయి. పాప మత్తుగా ఉంది. మెదడు పొరలకు పాకిందేమో చూడాలి. వెన్నులో సూది పెట్టి కొంచెం నీరు తీస్తాం" అన్నాడు. నరేందర్ కాగితం మీద సంతకం పెట్టాడు. అందులో ఏం రాసి ఉందో చదవలేదు.

నేను బెంచీ మీద కూర్చున్నాను. అత్తమ్మ ఎదురుగా కుళాయి దగ్గర పాప చెంచా కడుగుతోంది. సంచిలోంచి చిన్న డెటాల్ సీసా తీసి చెంచా మీద నాలుగు చుక్కలు పోసింది. వాసన ముక్కులో గుచ్చుకుంది. "అత్తమ్మా, ఇక్కడ అదంతా ఎందుకు? వేడినీళ్ళు చాలు" అన్నాను విసుగ్గా.

"నువ్వే గద జెప్పినవ్, పాపకు తాకేది ఏదైనా కడగాలెనని. గా మూత్రం డబ్బ గూడ నేను ఊకె ఇయ్యలే. దవాఖానల ఎంతమంది ముట్టుకున్నరో ఏమో. సీల్ తీసి, డెటాల్ ఏసి మంచిగ కడిగి, మళ్ళ నీళ్ళు పొయ్యకుంట ఎండకు పెట్టిన. గప్పుడు పట్టిన."

నాకు అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. క్రిములు పెరుగుతాయేమో చూడాల్సిన డబ్బాలో క్రిములను చంపే మందు. ఇంక అందులో ఏం పెరుగుతుంది?

అప్పుడు నాకేమనిపించిందో ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను. సంతోషం వేసింది. దొరికింది అనిపించింది. లోపల పాప వెన్ను సూదికి సిద్ధంగా ఉంటే, నాకు కారణం దొరికిందని సంతోషం వేసింది. నేను అలాంటి మనిషిని.

లేచి నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. అత్తమ్మ వెనకాలే వచ్చింది, ఏమైందో తెలియక, చేతిలో తడి చెంచాతో. నర్సు ఉంది. నరేందర్ ఉన్నాడు. అందరి ముందూ చెప్పాను. "మా అత్తగారు ఆ డబ్బాను డెటాల్‌తో కడిగారు సార్. ఆ రిపోర్టు చెల్లదు." ఆఫీసులో చెప్పినట్టే చెప్పాను. ఇంట్లో ఎప్పుడూ అనని 'మా అత్తగారు' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో.

డాక్టర్ కోప్పడలేదు. "ఎంత వేసినవ్ అమ్మా?" అని ఆమెనే అడిగాడు.

"మూతకు నిండ" అంది అత్తమ్మ. "తప్పా సారూ?"

"అందులో చీము కణాలు కూడా మిగలవమ్మా" అన్నాడు. నర్సు వైపు తిరిగి, "వెన్ను సూది ఆపండి. ముందు గొట్టం పెట్టి యూరిన్ తీద్దాం" అన్నాడు.

నరేందర్ తల్లి మీద విరుచుకుపడ్డాడు. "ఎవరు కడగమన్నరే నిన్ను? ఎవరన్నా జెప్పిన్రా?"

అత్తమ్మ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. నేను కూడా ఏమీ అనలేదు.

గొట్టం పెట్టేటప్పుడు పాప కాళ్ళు నేనే పట్టుకున్నాను. నేను వద్దన్న ఆ గొట్టమే. నేను అనుకున్నంత సేపు కూడా పట్టలేదు. మూత్రం నిండా చీము కణాలు. కిడ్నీదాకా పోయిందని అన్నాడు డాక్టర్. వెన్ను సూది తప్పింది.

జూలై 14

నేను చెప్పింది గుడ్డలు, గిన్నెలు. డబ్బా గురించి నేను ఎప్పుడూ చెప్పలేదు.

జూలై 15

గిన్నెలకు కూడా వేడినీళ్ళే చెప్పాను. గుడ్డలకే డెటాల్. పాప పుట్టి ఇంటికి వచ్చిన కొత్తలో ఆవిడ చేతులు కడుక్కోకుండా ఎత్తుకుంటుంటే చెప్పాను. ఒకసారి గట్టిగానే చెప్పాను. అప్పుడు ఆవిడ "ఇన్స్‌పెక్టరమ్మ వచ్చింది" అని అందరికీ చెప్పి నవ్వింది. తర్వాత తర్వాత నన్ను మించిపోయింది. అది నా తప్పా? డబ్బా గురించి నేను చెప్పలేదు.

జూలై 17, గురువారం

నిన్నటి నుంచి జ్వరం లేదు. పాప సెలైన్ పట్టీని చూసి దానితో మాట్లాడుతోంది.

రెండో కల్చర్ కూడా వచ్చింది. అందులోనూ ఏమీ పెరగలేదు. అప్పటికే మందు ఒంట్లోకి వెళ్ళింది కాబట్టి పెరగదట. అంటే ఏ క్రిమి వచ్చిందో తెలియదు. ఏ మందు దానికి పనిచేస్తుందో ఎవరూ పరీక్షించి చెప్పలేరు. "మరి ఎలా సార్?" అంటే, "ప్రోకాల్సిటోనిన్ పన్నెండు నుంచి రెండుకు దిగింది. సీఆర్పీ కూడా దిగుతోంది. ఆ నంబర్ల చెయ్యి పట్టుకుని పోతున్నాం" అన్నాడు.

"కిడ్నీకి ఏమైనా అయిందా?"

"అది ఏ రక్తపరీక్షా ఖాయంగా చెప్పదమ్మా. నాలుగైదు నెలలు ఆగి ఒక స్కాన్ తీస్తే తెలుస్తుంది. మచ్చ పడితే అందులో కనిపిస్తుంది."

"ఆలస్యం వల్ల పడుతుందా?"

"త్వరగా మందు పడితే మచ్చ పడే అవకాశం తక్కువ. అంతకు మించి నేను చెప్పలేను."

నాలుగైదు నెలలు. నేను ఒక రిపోర్టును మూడు రోజులు ఆపితే మా మేనేజర్ మూడు మెయిళ్ళు పెడతాడు. ఇక్కడ ఎవరికి మెయిల్ పెట్టాలి?

జూలై 20, ఆదివారం

ఇంటికి వచ్చేశాం. అత్తమ్మ గుమ్మంలో దిష్టి తీసింది. పాప చేతులు చాచినా ఎత్తుకోలేదు. నా మొహం చూసింది. "ఎత్తుకొమ్మంటవా?" అని అడిగింది.

ఆగస్టు 3, ఆదివారం

అన్నీ అడుగుతోంది. "భాగ్యా, నీళ్ళు తాపాల్నా?" "భాగ్యా, తానం ఇప్పుడు పోయాల్నా, ఎండెక్కినంక పోయాల్నా?" "టోపీ పెట్టాల్నా?" నేను ఆఫీసులో ఉంటే ఫోన్ చేసి అడుగుతుంది. మీటింగులో ఉండి ఎత్తకపోతే, నేను ఎత్తేదాకా పాపకు అరటిపండు కూడా పెట్టదు.

పెళ్ళయిన కొత్తలో లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి చిల్కానగర్‌లో ఈ ఇంటికి వచ్చినప్పుడు, ఈవిడ ఏదైనా చేసే ముందు నన్ను ఒక్క మాట అడిగితే ఎంత బాగుండు అనుకునేదాన్ని. 'అత్తయ్యా' అనే అలవాటు మానుకుని 'అత్తమ్మా' అనడం నేర్చుకున్నాను కదా, ఆవిడ కూడా నా కోసం ఏదైనా ఒకటి నేర్చుకోవచ్చు కదా అనుకునేదాన్ని. ఇప్పుడు నేర్చుకుంది. నాకు ప్రాణం విసిగిపోతోంది.

పాపకు పాటలు పాడటం మానేసింది. పాడాలా వద్దా అని అడగలేక కాబోలు.

ఆగస్టు 19

నరేందర్‌తో చెప్పాను, "మీ అమ్మతో నువ్వు మాట్లాడు, నీ మీద బెంగ పెట్టుకుంది" అని. "మాట్లాడుతున్న గద" అన్నాడు. అన్నం పెట్టమనీ, తాళం చెవి ఎక్కడుందనీ మాట్లాడుతున్నాడు. నిజమే.

ఎవరు కడగమన్నారో నరేందర్‌కు ఇప్పటికీ తెలియదు.

సెప్టెంబర్ 10

మూత్రం కిడ్నీలోకి వెనక్కి పోతోందేమో చూసే పరీక్ష అయింది. పోవడం లేదు. ఒకటి గడిచింది.

డిసెంబర్ 11, గురువారం

స్కాన్. మందు ఎక్కించి రెండు గంటలు ఆగాలన్నారు. మిషన్ కింద పాప కదలకుండా పడుకోవాలి. పద్నాలుగు నెలల పిల్లను కదలకుండా పడుకోబెట్టడం ఎవరి తరం? నిద్రమందు ఇచ్చారు. రిపోర్టు రేపు.

అత్తమ్మ వస్తానంది. నేనే వద్దన్నాను. రేపు మంచిదే వస్తుందని నాకు గట్టి నమ్మకం. పాప బరువు పెరిగింది, నడుస్తోంది, స్టీలు గ్లాసులు విసురుతోంది.

డిసెంబర్ 12, శుక్రవారం

ఎడమ కిడ్నీ పైభాగంలో చిన్న మచ్చ.

డాక్టర్ తెర మీద చూపించాడు. చిక్కుడు గింజ లాంటి ఆకారంలో ఒక అంచు చెరిగిపోయినట్టు ఉంది. "చిన్నదే. రెండో కిడ్నీ బాగుంది. పాప అందరిలాగే పెరుగుతుంది. ఏడాదికోసారి బీపీ చూసుకుంటే చాలు" అన్నాడు.

అడిగాను. అడగకుండా ఎలా ఉంటాను. "ఆ డబ్బా వల్ల పోయిన రోజుల వల్లేనా సార్?"

"తెలియదమ్మా."

"ఆ రోజు గొట్టం పెట్టి తీసి ఉంటే?"

"తెలియదు. కొంతమందికి మొదటి రోజే మందు పడినా మచ్చ పడుతుంది. కొంతమందికి వారం ఆలస్యమైనా పడదు. నేను ఏది చెప్పినా అది మీ కోసం చెప్పినట్టే అవుతుంది, నిజం చెప్పినట్టు కాదు."

తర్వాత చెప్పింది ముఖ్యమైనది. "ఇకమీద జ్వరం వస్తే పండ్లనీ, ఎండదెబ్బ అనీ ఇంట్లో కూర్చోవద్దు. ఆ పూటే తీసుకురండి. మళ్ళీ ఇన్ఫెక్షన్ వచ్చి ఆలస్యమైతే మచ్చ పెరుగుతుంది. పాపను చూసుకునే వాళ్ళందరికీ ఈ సంగతి తెలియాలి." నరేందర్ తల ఊపాడు. నేను కూడా ఊపాను.

బండి మీద వస్తుంటే నరేందర్ ఒక్క మాట అన్నాడు. "అమ్మకు ఏం జెప్పకు. అంతా మంచిగున్నదని నేను జెప్త." నేను సరే అనలేదు. వద్దనీ అనలేదు.

అతను గుమ్మంలోనే చెప్పేశాడు, చెప్పులు విప్పుతూ. ఆవిడ అతని మొహం వైపు చూసింది, ఊఁ అంది. అతను షిఫ్టుకు వెళ్ళిపోయాక వంటింట్లోకి వచ్చింది. నేను పాలు కాస్తున్నాను. తలుపు పక్కన నిలబడింది.

"వాడు నాకు అబద్ధం జెప్తడు. చిన్నప్పటి సంది అంతే. నువ్వైతే జెప్పవు. నువ్వు మొహం మీదనే అంటవు. జెప్పు భాగ్యా. పిల్లకు ఏమన్న అయిందా నా వల్ల?"

కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. ఐదు నెలల్లో ఎంత చిక్కిపోయిందో నేను అప్పుడే చూశాను. రోజూ ఎదురుగానే ఉంది, చూడలేదు.

"ఏం లేదత్తమ్మా. రెండు కిడ్నీలూ బాగున్నాయి. మచ్చ లేదు" అన్నాను.

ఆవిడ అక్కడే, నేల మీద, గ్యాస్ బండ పక్కన కూలబడి ఏడ్చింది. నేను స్టవ్ ఆపి పక్కన కూర్చున్నాను. నా భుజం మీద తల పెట్టింది. కొడుకు చెబితే నమ్మలేదు, నేను చెబితే నమ్మింది.

డిసెంబర్ 14, ఆదివారం

అత్తమ్మ వాళ్ళ ఊరి ఉప్పలమ్మకు మొక్కుకుందట, పిల్లకు ఏం కాకపోతే బెల్లమన్నం వండి పదిమందికి పెడతానని. జనగామ దాకా ఈ చలిలో పిల్లను తిప్పడం ఎందుకని ఇంట్లోనే అమ్మవారి పటం ముందు పెట్టి, పక్క వాటావాళ్ళకీ, ఎదురింటి వాళ్ళకీ, ఇస్త్రీ బండి అతనికీ అందరికీ పంచింది. "నా మనవరాలి కిడ్నీ బంగారం లెక్క ఉన్నదట" అని ప్రతి గుమ్మంలో చెప్పింది. నరేందర్ తిని బాగుందన్నాడు. నేను కూడా తిన్నాను. రెండోసారి పెట్టించుకున్నాను.

మధ్యాహ్నం పక్క గదిలోంచి పాట వినిపించింది. పాపను జోకొడుతూ పాడుతోంది. ఎన్నాళ్ళకో. ఎలా చెప్పను?

డిసెంబర్ 17

పాపకు తలంటు పోసేసింది, నన్ను అడగకుండా. సంతోషంగా ఉంది.

వచ్చే ఆదివారం చెబుతాను. నెమ్మదిగా కూర్చోబెట్టి చెబుతాను. మచ్చ చిన్నదే, ఎవరి వల్లో తెలియదు, జ్వరం వస్తే మాత్రం జాగ్రత్త అని చెబుతాను. చెప్పే పద్ధతిలో చెబితే తట్టుకుంటుంది.

డిసెంబర్ 21, ఆదివారం

దమ్మాయిగూడ నుంచి ఆడపడుచు వచ్చింది. చెప్పడానికి వీలు పడలేదు.

డిసెంబర్ 28, ఆదివారం

చెప్పలేదు.

జ్వరం వస్తే ఎలాగూ నాకు ఫోన్ చేస్తుంది కదా. అన్నిటికీ చేస్తుంది. అప్పుడు నేను చూసుకుంటాను. ఆవిడకు తెలియకపోయినా ఇబ్బంది లేదు.

జనవరి 2

ఈ వారం అత్తమ్మ నుంచి ఆఫీసుకు ఒక్క ఫోన్ కూడా రాలేదు. హాయిగా పని చేసుకున్నాను.

జనవరి 4, ఆదివారం

నరేందర్‌ను అడిగాను, ఇద్దరం కలిసి చెబుదామా అని. "ఇప్పుడు మంచిగున్నది గద అమ్మ. ఏం తొందర, జెప్దాంలే" అన్నాడు. అతను అలా అంటాడని తెలిసే అడిగాను.

జనవరి 7, బుధవారం

ఆసుపత్రిలో కూర్చుని రాస్తున్నాను. డైరీ ఆఫీసు బ్యాగులోనే ఉంది. రక్తం తీసుకున్నారు. గొట్టం పెట్టి మూత్రం కూడా తీసుకున్నారు. ఈసారి నేనే ముందు అడిగాను గొట్టం పెట్టమని. డాక్టర్ హృషికేశ్ వస్తున్నాడు. నరేందర్ చర్లపల్లి నుంచి బయల్దేరాడు. పాప అత్తమ్మ ఒళ్ళో ఉంది. వణుకు కొంచెం తగ్గింది.

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి పాప చాప మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. అత్తమ్మ పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. చెయ్యి వేస్తే కాలిపోతోంది.

"ఎప్పటి నుంచి?"

"పొద్దుగాల నువ్వు పోయినంక ఎచ్చగయింది. చుక్కలేసిన, తగ్గింది, మళ్ళ వచ్చింది. దవడ పండ్లు వస్తున్నయ్, సూడు, వేలు నోట్లనే పెట్టుకుంటున్నది."

"ఫోన్ ఎందుకు చేయలేదు?" నా గొంతు నాకే వినిపించింది, కీచుగా.

"నీకు ఆడిటింగ్ ఉన్నదంటివి గద. ఊకె పరేషాన్ చేసుడెందుకని. ఇగ ఆ కిడ్నీ ఫికర్ గూడ లేకపాయె, నువ్వే జెప్తివి." ఆవిడ నవ్వుతూనే చెప్పింది. నన్ను దెప్పడానికి కాదు. నా పనికి అడ్డం రాకూడదని, ఇన్నాళ్ళకు మళ్ళీ తనంతట తాను పాపను చూసుకున్నందుకు, కొంచెం తృప్తిగా చెప్పింది.

పాపను ఎత్తుకుంటే వణుకు మొదలైంది. పళ్ళు టకటకలాడాయి. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా ఆటో ఎక్కాం. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బండ్లన్నీ నిలిచిపోయాయి. ముందు బస్సు, పక్కన లారీ, ఎటూ కదలదు. ఆటో అతను ఇంజన్ ఆపేశాడు. అత్తమ్మ కొంగుతో పాప నుదురు తుడుస్తూ, "ఏం గాదు, ఏం గాదు, ఉట్టి పండ్ల జెరమే, ఎందుకు గంత భయపడుతవ్" అంటూనే ఉంది. నన్ను ఓదారుస్తోంది.

అప్పుడు చెప్పాను. ఆదివారం కాదు, నెమ్మదిగానూ కాదు, చెప్పే పద్ధతిలోనూ కాదు. "మచ్చ ఉందత్తమ్మా. ఎడమ కిడ్నీలో ఉంది. డిసెంబర్‌లోనే తెలుసు. జ్వరం వస్తే ఆ పూటే తీసుకురమ్మన్నారు. నేను మీకు చెప్పలేదు."

ఆవిడ చెయ్యి ఆగింది. నేను తిట్ల కోసం చూశాను. ఏడుస్తుందేమో, పోయినసారి నరేందర్ అరిచినప్పుడు నేను మాట్లాడకుండా నిలబడటం ఎత్తుతుందేమో అని చూశాను. ఏదైనా అంటే బాగుండు అనిపించింది. ఆవిడ పాపను తన వైపు ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. ముందున్న బస్సు కదిలింది, ఆటో అతను ఇంజన్ మళ్ళీ ఆన్ చేశాడు. తర్వాత, నాతో కాదన్నట్టు, పాప తల మీదుగా రోడ్డు వైపు చూస్తూ అంది.

"జెప్తే పొద్దుగాలనే తోల్కపోతుంటి గద బిడ్డా."

సీఆర్పీ రావడానికి ఇంకా గంట పడుతుందంటున్నారు.